డొంకకూ, తారు రోడ్డుకూ ఒకే టైరు: పాల వ్యానుకు ఏది తగును?



పశువుల మేత గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి ఈ పుటలలో తరచు ముచ్చటించుకుంటూనే ఉన్నాము. ఈసారి పాలను మోసే వ్యాను టైర్ల గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. "టైర్ల సంగతి వ్యాను యజమాని చూసుకుంటాడు, సంఘానికి ఎందుకు?" అని కొందరు అనవచ్చు. కాని మబ్బున లేచి పిండిన పాలు నడిదారిలో నిలిచి విరిగిపోతే, ఆ నష్టం ఊరిలో ప్రతి గడపకూ తగులుతుంది. చెంబెడు పాలు పోసిన ముసలమ్మకూ తగులుతుంది.

చిన్న లెక్క చూద్దాము. 40 లీటర్ల క్యానులు 30 ఎక్కిస్తే 1,200 లీటర్లు. లెక్క కోసం లీటరు 40 రూపాయలనుకున్నా, ఒక్క పూట సరుకు విలువ 48,000 రూపాయలు. అంత సరుకు నాలుగు రబ్బరు చక్రాల మీద ఆధారపడి పోతున్నది. పిండిన పాలను వీలైనంత త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచవలెనని మనకు తెలుసు. ఎండాకాలంలో దారిలో గడిచే ప్రతి గంటా పాలలోని సూక్ష్మజీవులకు పండుగే. ఊరిలోనే బల్క్ కూలరు ఉన్న సంఘాలకు ఈ భయం కొంత తక్కువ. అయినా ఆ పాలను తీసుకుపోయే ట్యాంకరు ఊరిదాకా రాగలగాలి గదా!

జొన్నగిరి దారి

మాటలకు ఆధారం ఉండాలి గనుక జొన్నగిరి పరిసరాలను ఉదాహరణగా తీసుకుందాము. తుగ్గలి మండలంలోని ఈ ప్రాంతానికి తొలకరి పడగానే వజ్రాలు వెదకడానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. వాన మట్టిని కడిగివేస్తే రాళ్ళు పైకి తేలుతాయి గనుకనే వారు అప్పుడు వస్తారు. ఆ రాళ్ళలో వజ్రం ఎవరికి దొరుకుతుందో గాని, పదునైన పలుగురాళ్ళు మాత్రం అటు పోయిన ప్రతి టైరుకూ దొరుకుతాయి.

ఒక వ్యాను ఇక్కడి పల్లెల్లో పాలు ఎత్తుకొని ఆదోని వైపు పోతుందనుకుందాము. మొదట బండ్ల బాట: ఎర్ర గరుసు నేల, పలుగురాళ్ళు, మధ్య మధ్య నల్లరేగడి తునకలు, వంకల్లో ఇసుక, ఇరువైపులా సర్కారు తుమ్మ కంప. అది దాటిన తర్వాత తారు రోడ్డు. పత్తికొండ, ఆస్పరి మీదుగా ఆదోని చేరవలెను. ఆదోని నుండి ఎమ్మిగనూరు వైపు పోవలసి వస్తే అది 167వ నంబరు జాతీయ రహదారి. అక్కడ లారీల రద్దీ, వేగము, వేసవిలో కాలిపోయే తారు.

ఈ రెండు దారులూ టైరును అడిగేవి రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. బాట అడిగేది మట్టిని పట్టుకొనే లోతైన గుండీలు, రాయి తగిలినా తెగని మందమైన పక్కగోడ. తారు రోడ్డు అడిగేది నేలకు నిండుగా ఆనే రబ్బరు, వేడెక్కని గుణము, తడిలో బ్రేకు వేస్తే నిలబడే పట్టు. రెండింటినీ నూటికి నూరుపాళ్ళు తీర్చే టైరు ఏ కంపెనీ వద్దా లేదు. మనం చేయగలిగినది లెక్క చూసుకొని ఎటు ఎంత మొగ్గవలెనో తేల్చుకొనడమే.

ముందు దారిని కొలవండి

టైరు దుకాణానికి పోకముందే ఒక రోజు వ్యానులో కూర్చొని కిలోమీటర్ల మీటరు చూస్తూ మొత్తం రూటు తిరిగి రండి. బాట ఎంత, తారు ఎంత, రేగడి ఎంత అని మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి. ఇది చేసిన చాలామంది కార్యదర్శులు ఆశ్చర్యపడతారు. మనస్సులో మెదిలేది ఎప్పుడూ ఆ చెడ్డ బాటే గనుక దారంతా అదే అనిపిస్తుంది. కొలిస్తే మొత్తం 70 కిలోమీటర్లలో అది 14 కిలోమీటర్లే కావచ్చు. అంటే టైరు అయిదు పాళ్ళలో నాలుగు పాళ్ళు తారు మీదనే అరుగుతుందన్నమాట.

ఇటీవల ఒక రూటులో మేము చూసిన సంగతి చెబుతాము. కిందటి వానల్లో వ్యాను రెండుసార్లు బురదలో కూరుకుపోయిందని, యజమాని నాలుగు చక్రాలకూ లోతైన గుండీల టైర్లు వేయించాడు. ఏడాది తిరగకుండానే వెనుక టైర్ల గుండీలు మధ్యలో నున్నగా అరిగిపోయాయి. ముందు చక్రాలు తారు మీద మోత పెడుతూ స్టీరింగును అదిలించసాగాయి. డీజిలు ఖర్చు పెరిగింది. మళ్ళీ వానలు వచ్చాయి, వ్యాను మళ్ళీ అదే చోట కూరుకుపోయింది! డబ్బు ఖర్చయింది గాని రోగం కుదరలేదు. ఎందుకు కుదరలేదో ముందు ముందు చెప్పుకుందాము.

గుండీలా, గీతలా?

దుకాణంలో ముఖ్యంగా మూడు రకాల అచ్చులు చూపిస్తారు.

మొదటిది రిబ్ టైరు. చుట్టూ నిలువు గీతలుంటాయి. తారు మీద తిన్నగా పోతుంది, చల్లగా ఉంటుంది, స్టీరింగుకు చక్కగా లొంగుతుంది. బురదలో మాత్రం గిర్రున తిరుగుతుంది.

రెండవది లగ్ టైరు. కొందరు డ్రైవర్లు బటన్ టైరు అంటారు. ఎడమెడంగా లోతైన గుండీలుంటాయి. మట్టిని కరచి పట్టుకుంటుంది. కాని తారు మీద నేలకు ఆనే రబ్బరు తక్కువ. ప్రతి గుండీ బరువుకు కొంచెం వంగి లేస్తుంటుంది. ఆ కదలికకే వేడి పుడుతుంది, త్వరగా అరుగుతుంది.

మూడవది సెమీ లగ్ టైరు. నడుమ గీతలు, అంచులలో గుండీలు. రెండు గుణాలూ కొంచెం కొంచెం ఉంటాయి.

మన పాల వ్యానులలో ఎక్కువ వాటికి ఇంజను బలం వెనుక చక్రాలకు అందుతుంది. ముందు చక్రాల పని దారి తిప్పడం, వెనుక చక్రాల పని తోయడం. కాబట్టి నాలుగింటికీ ఒకే అచ్చు ఉండవలెనన్న నియమం లేదు. బాట భాగం మొత్తం దారిలో నాలుగో వంతు లేక అంతకు తక్కువ ఉన్న రూటుకు ముందు రిబ్, వెనుక సెమీ లగ్ వేయించమని మా సలహా. బాట సగానికి మించితేనే వెనుక పూర్తి లగ్ గురించి ఆలోచించవచ్చు. ముందు చక్రాలకు మాత్రం ఆ రూటులోనూ లగ్ వద్దు. ఒకే ఇరుసుకు రెండు వైపులా ఒకే రకము, ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల గల టైర్లే ఉండవలెను.

నైలానా, రేడియలా?

గాలి టైరుకూ మన వృత్తికీ ఒక చుట్టరికం ఉన్నది. 1888లో గాలి టైరుకు పేటెంటు పొందిన జాన్ బాయ్డ్ డన్లప్ బెల్ఫాస్టు నగరంలో పశువైద్యుడు. తన కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి ఆయన మొదట దానిని తయారు చేశాడు. తర్వాత మన పల్లెల్లో ఇనుప పట్టా బండ్ల స్థానంలో టైరు బండ్లు వచ్చి ఎద్దుల మెడలకు ఎంత సుఖం కలిగిందో పెద్దలకు తెలుసు.

పాత పద్ధతి టైరులో దారపు పొరలు ఒకదానిపై ఒకటి ఏటవాలుగా అల్లి ఉంటాయి. దానినే మనం నైలాన్ టైరు అంటున్నాము. రేడియల్ టైరులో పొరలు ఒక అంచు నుండి మరొక అంచుకు అడ్డంగా, తిన్నగా పోతాయి. నేలకు ఆనే భాగం కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. ఫ్రాన్సు దేశపు మిషెలిన్ కంపెనీ 1946లో దీనికి పేటెంటు తీసుకొన్నది.

నైలాన్ టైరు పక్కగోడ మందం. గాడిలో రాయి రాచుకున్నా ఓర్చుకుంటుంది. వెల తక్కువ. కాని తారు మీద ఎక్కువ దూరం బరువుతో పరుగెత్తితే బాగా వేడెక్కుతుంది. రేడియల్ చల్లగా నడుస్తుంది, ఎక్కువ దూరం వస్తుంది, డీజిలు కొంత మిగులుస్తుంది. దాని పక్కగోడ పలుచన, పలుగురాయి కోసిందంటే అక్కడ అతుకు నిలవదు.

కాబట్టి వెల ఒక్కటే చూడక, కిలోమీటరుకు ఎంత పడుతుందో చూడండి. కేవలం లెక్క కోసం ఈ అంకెలు తీసుకుందాము. 7,200 రూపాయల టైరు 24,000 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 30 పైసలు. 9,000 రూపాయల టైరు 45,000 వస్తే 20 పైసలు. మీ రూటులో ఏ టైరు ఎంత వచ్చిందో సంఘం పుస్తకంలో తేదీతో, మీటరు అంకెతో రాసిపెట్టుకుంటే, ఏ దుకాణదారుని మాటకన్నా ఆ పుస్తకమే మంచి సలహాదారు. తారు ఎక్కువైన జొన్నగిరి వంటి రూటుకు రేడియలే తగును. అయితే కొనేటప్పుడు వాణిజ్య వాహనాలకు చేసిన గట్టి పక్కగోడ రకమే అడగవలెను. కారు టైరు వేయరాదు. నైలానునూ రేడియలునూ ఒకే ఇరుసుకు కలిపి వేయడం ప్రమాదకరము.

టైరు మీది రాత చదవండి

టైరు పక్కగోడ మీది అంకెలు జాతకం వంటివి. 7.00 ఆర్ 15 ఎల్.టి. 12 పి.ఆర్. అని ఉన్నదనుకోండి. 7.00 అంటే టైరు వెడల్పు అంగుళాలలో. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో. ఎల్.టి. అంటే తేలిక రకపు ట్రక్కులకు చేసినది. 12 పి.ఆర్. అంటే 12 పొరల బలము. లోపల నిజంగా 12 పొరలు ఉంటాయని కాదు. పాతకాలపు నూలు పొరలు 12 ఉంటే ఎంత బలమో అంత అని అర్థము.

తర్వాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె మోయగల బరువు. 100 అంటే 800 కిలోలు, 110 అంటే 1,060, 112 అంటే 1,120, 115 అంటే 1,215 కిలోలు. అక్షరం వేగపు హద్దు. ఎల్ అంటే గంటకు 120 కిలోమీటర్లు, ఎన్ అంటే 140. పాల వ్యానుకు అంత వేగంతో పని లేదు గనుక అక్షరం కోసం అదనపు డబ్బు పెట్టనక్కర లేదు. అంకె విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు.

ఎందుకో చూడండి. పాలు నిండిన 40 లీటర్ల క్యాను దాదాపు 50 కిలోలు. 30 క్యానులకు 1,500 కిలోలు. ఖాళీ వ్యాను 1,700 అనుకుందాము. డ్రైవరు, క్యానులు ఎత్తే మనిషి కలిసి 150. మొత్తం 3,350 కిలోలు. ఇందులో సుమారు 2,200 కిలోలు వెనుక ఇరుసు మీద పడితే, వెనుక ఒక్కొక్క టైరు మీద 1,100 కిలోలు. 110 అంకె టైరు ఈ బరువుకు చాలదు. 112 అంటే అంచున నిలబడినట్లు. గుంతలో పడి లేచినప్పుడు ఆ బరువు క్షణకాలం ఇంకా పెరుగుతుంది. కనుక 115 అంకె అడగడం మంచిది. మొత్తం బరువు వాహనపు రిజిస్ట్రేషన్ కాగితంలోని హద్దు దాటకూడదని వేరే చెప్పనక్కరలేదు.

చివరగా నాలుగు అంకెల తయారీ ముద్ర. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. పాత నిల్వ సరుకు చవకగా ఇస్తామంటే ముందు ఈ ముద్ర చూడండి. రబ్బరు వాడకపోయినా ఏళ్ళు గడిస్తే గట్టిపడి పగులుతుంది.

గాలి సంగతి

మంచి టైరు కొని గాలి సరిగా పెట్టకపోతే, మంచి గేదెను కొని మేత వేయనట్లే. గాలి తక్కువైతే పక్కగోడ ప్రతి చుట్టుకూ మడతపడి లేస్తుంది, లోపల వేడెక్కుతుంది, చివరకు పేలుతుంది. ఎక్కువైతే నడుమ అరుగుతుంది, రాయి తగిలినప్పుడు పొరలు తెగుతాయి. క్యానులు కుదుపుకు గురై పాలలోని వెన్న కూడా చిలికినట్లు విడిపోతుంది.

వ్యాను తయారీదారు తలుపు వద్ద గాని, పుస్తకంలో గాని ఇచ్చిన అంకె ప్రకారమే గాలి పెట్టవలెను. ఉదయం బయలుదేరక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మధ్యాహ్నం వేడి మీద కొలిస్తే గేజి ఎక్కువ చూపుతుంది. అది చూసి గాలి వదిలితే, చల్లారిన తర్వాత తక్కువైపోతుంది. ఇసుక వంకలో గాలి కొంచెం తగ్గిస్తే టైరు వెడల్పుగా ఆని సులభంగా దాటుతుందన్న మాట నిజమే. అయితే దాటిన వెంటనే తిరిగి గాలి నింపే పంపు వ్యానులో ఉండవలెను. ఆ తగ్గిన గాలితో నిండు క్యానులు ఎక్కించుకొని తారు రోడ్డు ఎక్కడం కోరి ఆపద తెచ్చుకొనడమే.

ముళ్ళు, రాళ్ళు, అరుగుదల

సర్కారు తుమ్మ ముల్లు దిగితే ట్యూబు టైరు చూస్తుండగానే కూర్చుంటుంది. ట్యూబ్‌లెస్ టైరులో గాలి మెల్లగా పోతుంది, తరచు కేంద్రం దాకా చేరవచ్చు, చక్రం విప్పకుండానే పంచరు వేయవచ్చు. కాని రాళ్ళకు తగిలి రిమ్ము అంచు వంగితే అక్కడి నుండి గాలి కారుతుంది. మీ దారిలోని పంచరు దుకాణంలో ట్యూబ్‌లెస్ పని తెలిసినవారు ఉన్నారా అని ముందుగా విచారించండి.

రోజూ సాయంత్రం డ్రైవరు ఒక మేకుతో గుండీల మధ్య ఇరుక్కున్న రాళ్ళను తీసివేయాలి. వెనుక జంట చక్రాలున్న వాహనమైతే, రెండు టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని తప్పక తీయాలి. ఆ ఒక్క రాయి రెండు టైర్లనూ కోసివేస్తుంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం నాలుగు చక్రాల వాహనపు టైరులో గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడిలో చిన్న ఎత్తుగా ఉండే గుర్తు దాకా రబ్బరు అరిగితే ఆ టైరు పని అయిపోయినట్లే. బాటలో తిరిగే వ్యానుకు వానాకాలం ముందు లోతు 3 మిల్లీమీటర్లు కూడా లేకపోతే వెనుక టైర్లు మార్చడం మేలు. రీట్రేడింగ్ చేయించిన టైరు వెనుక వేయవచ్చు, కాని పక్కగోడలో కోత గాని ఉబ్బు గాని లేనిదైతేనే. ముందు చక్రానికి రీట్రేడింగ్ టైరు వద్దు. ముందు టైరు పేలితే స్టీరింగు చేతిలో నిలవదు.

నల్లరేగడిలో ఏ టైరూ గెలవదు

ఇందాక చెప్పిన వ్యాను రెండోసారీ ఎందుకు కూరుకుపోయింది? నల్లరేగడి తడిస్తే ఉబ్బి జిగురు అవుతుంది. ఆ జిగురు గుండీల మధ్య సందులను పూడ్చివేస్తుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి లోతైన గుండీల టైరు కూడా నున్నని బంకమట్టి ముద్దగా మారుతుంది. ఇక దానికీ అరిగిన టైరుకూ తేడా లేదు. ఎర్ర గరుసులో, ఇసుకలో గుండీలు పనిచేస్తాయి. తడిసిన రేగడిలో పనిచేయవు. ఏడాదిలో ఆ కొద్ది రోజుల కోసం మిగతా రోజులన్నీ చెడ్డ టైరు మీద తిరగడం తెలివైన పని కాదు.

ఆ కొద్ది రోజులకు ఉపాయం టైరులో లేదు, సంఘం చేతిలో ఉన్నది. పెద్ద వాన పడిన రోజున వ్యాను తారు రోడ్డు మీదనే ఆగాలి. ఊరి నుండి క్యానులు టైరు బండి మీదనో, ట్రాక్టరు మీదనో అక్కడికి రావాలి. ఎవరి బండి, ఎంత కిరాయి, ఏ వేళకు అన్నది ముంగారు వానలకు ముందే పాలకవర్గం తీర్మానించుకోవాలి. వాన పడిన తెల్లవారుజామున వెదుకులాట పెట్టుకోరాదు. వేసవిలో ఆ రేగడి తునక మీద నాలుగు ట్రాక్టర్ల గరుసు తోలించగలిగితే, అది నాలుగు కొత్త టైర్లకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఒప్పందంలో రాసుకోవలసినవి

వ్యాను కిరాయి ఒప్పందం కుదుర్చుకొనేటప్పుడు ఈ క్రింది మాటలు చేర్చవలసిందిగా కోరుతున్నాము.

1. వెనుక టైర్ల బరువు అంకె, క్యానుల లెక్కకు సరిపోవలెను.
2. ముందు చక్రాలకు రీట్రేడింగ్ టైర్లు వాడరాదు.
3. గాలి నిండిన స్టెప్నీ, జాకీ, చక్రం విప్పే పానా, గాలి గేజి ఎప్పుడూ వ్యానులో ఉండవలెను.
4. వానాకాలం ముందు ఒకసారి, వేసవి ముందు ఒకసారి కార్యదర్శి సమక్షంలో టైర్లు చూపించవలెను.
5. వాన రోజున వ్యాను ఎక్కడ ఆగవలెనో ఆ చోటు పేరు రాయవలెను.

యజమాని మీద ఇన్ని షరతులు పెట్టి, కిరాయి మాత్రం అందరికన్నా తక్కువకు బిగించడం న్యాయం కాదు. మంచి టైర్లు వేయగలిగినంత కిరాయి ఇవ్వండి, మంచి టైర్లు అడగండి. చవక కిరాయికి దొరికిన వ్యాను ఒక్క పూట పాలు పోగొట్టినా, ఏడాదిలో మిగిల్చిన డబ్బంతా ఆ ఒక్క పూటలో పోతుంది.

పై విషయములను రాబోయే పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించి, డ్రైవరును కూడా పిలిచి కూర్చోబెట్టవలసిందిగా మనవి. దారి సంగతి అతనికి తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు. మీ రూటులో ఏ టైరు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో పుస్తకంలో రాసి ఉంచి మాకు తెలియజేస్తే, మరొక సంచికలో తోటి సంఘాలకు అందజేయగలము.